దస్తావేజు లేఖరి అరుగు నుంచి ఆఫీసు కుర్చీకి

(సంఘ ప్రత్యేక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం వారు నన్ను మాట్లాడమన్నప్పుడు డి.ఎ. బకాయిల గురించో, పి.ఆర్.సి. గురించో మాట్లాడతానని మీలో చాలామంది అనుకుని ఉంటారు. ఆ సంగతులు నాకంటే బాగా చెప్పగలవారు వేదిక మీదే ఉన్నారు. నేను ఈ పూట మన పిల్లల పనుల గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాను. మనం కలిసినప్పుడల్లా "మీ అబ్బాయి ఏం చేస్తున్నాడండీ?" అని అడుగుతాం. "ఇంట్లోనే కంప్యూటరు మీద ఏదో చేసుకుంటున్నాడు" అని కొందరు కాస్త గొంతు తగ్గించి జవాబు చెబుతారు. ఆ గొంతు తగ్గించవలసిన పని లేదని చెప్పడానికే ఈ ప్రసంగం.

నేను 1974లో రిజిస్ట్రేషను శాఖలో గుమాస్తాగా చేరి, కృష్ణా జిల్లాలో అయిదు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లో పనిచేసి, 2009లో రిటైరయ్యాను. ఇప్పుడు నాకు 74 దాటాయి. హైదరాబాదులో మా అమ్మాయి దగ్గరే ఉంటున్నాము. నా ప్రసంగమంతా మా అమ్మాయి గురించే. ఆమె 16 సంవత్సరాలు ఫ్రీలాన్సు పని చేసి, తన 44వ ఏట, 2024 జూలైలో, మొదటిసారి ఉద్యోగంలో చేరింది.

ఫ్రీలాన్సు అంటే ఏమిటో మన శాఖ వారికి తేలికగా అర్థమవుతుంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు అరుగు మీద దస్తావేజు లేఖరులు కూర్చునేవారు గుర్తున్నారా? జీతం లేదు, సెలవు లేదు, పింఛను లేదు. వచ్చిన పార్టీకి దస్తావేజు రాసి, రాసినదానికి డబ్బు పుచ్చుకునేవారు. లోపల కుర్చీలో మనం. బయట అరుగు మీద వారు. పని తెలిసిన మంచి లేఖరి ఎన్నోసార్లు లోపలివారికంటే చట్టం బాగా ఎరిగి ఉండేవాడు. మా అమ్మాయి 2008 నుంచి 2024 వరకు అలాంటి అరుగు మీద కూర్చుంది. వ్యాపారస్తులకు, స్కూళ్లకు, డాక్టర్లకు వెబ్‌సైట్లు తయారుచేసి ఇచ్చేది.

ఆ పనిలో సుఖం లేదని నేను అనను. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు ఇంట్లో ఉండి సంపాదించింది. ఒక నెల లక్షన్నర వచ్చేది, ఇంకో నెల 20 వేలు కూడా వచ్చేవి కావు. సంవత్సరం మొత్తం మీద ఖర్చులు పోను నెలకు 70 వేలు సగటు పడేది. కాని 2020లో కరోనా వచ్చాక ఇద్దరు పెద్ద ఖాతాదారులు చేయించుకున్న పనికి డబ్బు ఇవ్వలేదు. 2023లో ఆమెకు చేతి మణికట్టుకు ఆపరేషను అయింది. రెండు నెలలు కంప్యూటరు ముట్టుకోలేదు, రెండు నెలలూ రూపాయి రాలేదు. మనకు ఆపరేషను అయితే ఏం చేసేవాళ్లం? మెడికల్ సర్టిఫికెట్టు జతచేసి కమ్యూటెడ్ లీవు పెట్టేవాళ్లం, జీతం వచ్చేది. ఆ రెండు నెలలు పిల్లల స్కూలు ఫీజు నా పింఛనులోంచి కట్టాము. కట్టినందుకు నాకు బాధ లేదు. "నాన్నా, నీ పింఛను నీ మందులకు" అని ఆమె కంట నీరు పెట్టుకున్నందుకు బాధపడ్డాను. ఆ రోజే ఉద్యోగం చూసుకుంటానని ఆమె అంది.

ఇక ఆమె చేరిన పని ఏమిటో చెప్పాలి. దాన్ని డొమైను పరిశ్రమ అంటారు. వినడానికి కొత్తగా ఉన్నా, అది మన సబ్ రిజిస్ట్రారు ఆఫీసే. కంప్యూటరు ప్రపంచంలో ప్రతి స్థలానికి అంకెలతో కూడిన ఒక నంబరు ఉంటుంది, సర్వే నంబరు మాదిరిగా. అంకెలు మనుషులకు గుర్తుండవు కాబట్టి దానికి ఒక పేరు పెడతారు. ఆ పేరే డొమైను. పేరు చెబితే నంబరు చూపించే ఏర్పాటును 1983లో అమెరికాలో పాల్ మోకాపెట్రిస్ అనే ఆయన రూపొందించారు. మొట్టమొదటి డాట్ కామ్ పేరు 1985 మార్చి 15న నమోదయింది. ఈ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే ఐక్యాన్ అనే సంస్థ 1998లో ఏర్పడింది. అదే 1998 నవంబరు 4న మన శాఖలో కార్డ్ పథకం ప్రారంభమై, రిజిస్ట్రేషన్లు కంప్యూటరులోకి వెళ్లాయి. ఆ రోజుల్లో మనం పడిన పాట్లు చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటాయి.

ఐక్యాన్ కింద ఒక్కొక్క తోకకు ఒక రిజిస్ట్రీ ఉంటుంది. డాట్ కామ్ పుస్తకం అమెరికాలోని వెరిసైన్ అనే కంపెనీ దగ్గర ఉంది. మన దేశపు డాట్ ఇన్ పుస్తకం నిక్సీ అనే సంస్థ దగ్గర ఉంది. తెలుగు లిపిలోనే రాసే డాట్ భారత్ కూడా ఉంది. ఈ పుస్తకాలలో ప్రజల తరపున పేర్లు రాయించే కంపెనీలను రిజిస్ట్రార్లు అంటారు. అటువంటి ఒక కంపెనీలోనే మా అమ్మాయి చేరింది. ఒక ముఖ్యమైన తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. మన దగ్గర జరిగేది క్రయం. అక్కడ జరిగేది కౌలు. డాట్ కామ్ పేరును ఏడాది నుంచి గరిష్ఠంగా పదేళ్ల వరకు తీసుకోవచ్చు. గడువు తీరకముందే మళ్లీ డబ్బు కట్టుకోవాలి. కట్టకపోతే రిజిస్ట్రారు కొన్నాళ్లు ఆగి పేరు తొలగిస్తాడు. ఆ తరువాత 30 రోజులు ఎక్కువ రుసుము కట్టి విడిపించుకునే అవకాశం ఉంటుంది. అదీ దాటితే 5 రోజుల తరువాత ఆ పేరు ఎవరైనా తీసుకోవచ్చు.

వెబ్‌సైట్లు చేసుకునే అమ్మాయి ఈ పేర్ల వ్యవహారంలోకి ఎలా వచ్చిందంటే, ఒక చీరల దుకాణం వల్ల వచ్చింది. ఆ దుకాణం వారి డొమైను పేరు అంతకు ముందు సైటు చేసిపెట్టిన కుర్రవాడి పేరు మీద, అతని ఈమెయిలు మీద ఉంది. అతను విదేశం వెళ్లిపోయాడు. గడువు నోటీసులన్నీ అతనికే పోయాయి. ఒక ఉదయం దుకాణం సైటు ఆగిపోయింది, వారి ఈమెయిళ్లు ఆగిపోయాయి. డబ్బు కట్టింది దుకాణదారే, కాని రికార్డులో పేరు ఇంకొకరిది. బేనామీ ఆస్తి గొడవలు చూసిన మనకు ఇది కొత్తా? ఆమె ఆ కుర్రవాడి ఆచూకీ పట్టుకుని, 30 రోజుల గడువులోనే పేరు విడిపించి, దుకాణదారు పేరు మీదికి మార్పించింది. అప్పటినుంచి తన ఖాతాదారులందరి డొమైను పేర్లు, గడువు తేదీలు ఒక నోటుపుస్తకంలో రాసుకునేది. నెలకొకసారి తీసి చూసేది. 2016 నవంబరులో ఐక్యాన్ వారి అంతర్జాతీయ సమావేశం మన హైదరాబాదులోనే జరిగింది. ప్రవేశ రుసుము లేదు. ఆమె రోజూ వెళ్లివచ్చేది. ఆ సమావేశం నడుస్తుండగానే, నవంబరు 8 రాత్రి పెద్ద నోట్ల రద్దు వచ్చిపడింది. పాపం, ఆ విదేశీయులు 500 నోట్లు పట్టుకుని నీళ్ల సీసా కోసం తిరిగారట!

సరే, ఉద్యోగానికి అర్జీలు పెట్టడం మొదలైంది. అసలు కష్టం అక్కడ వచ్చింది. ప్రతి కంపెనీ వారు అడిగేది రెండే కాగితాలు. పాత కంపెనీ రిలీవింగ్ లెటరు, చివరి మూడు నెలల పే స్లిప్పులు. ఈమెకు పాత కంపెనీ లేదు, పే స్లిప్పు లేదు. ఒక చోట కంప్యూటరు ఫారంలో ఆ గడి నింపకపోతే అర్జీ ముందుకే కదలలేదు. ఇంకొక చోట ఇంటర్వ్యూ చేసినాయన "పదహారేళ్ల గ్యాపు ఎందుకు వచ్చిందమ్మా?" అని అడిగాడట. పదహారేళ్లు రాత్రింబవళ్లు పనిచేసిన మనిషికి అది గ్యాపట!

అప్పుడు నేను కల్పించుకున్నాను. "అమ్మా, నువ్వు పనిచేయలేదని వాళ్లు అనడం లేదు. నీకు సర్వీసు రిజిస్టరు లేదంటున్నారు. అది మనం రాసుకుందాం" అన్నాను. ఒక పొడుగు రిజిస్టరు తెప్పించి గీతలు గీశాను. వరుస సంఖ్య, సంవత్సరం, ఎవరి పని, ఏమి పని, మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ, వచ్చిన సొమ్ము, రుజువు. చివరి గడి ముఖ్యం. వోచరు లేని ఎంట్రీ నేను రాయనిచ్చే రకం కాదని మీకు తెలుసు. ఆమె పాత ఈమెయిళ్లు, బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసింది. ఏటా వేసిన ఆదాయపు పన్ను రిటర్నులు, పన్ను కోత చూపించే ఫారం 26 ఏఎస్‌లు ఉన్నాయి. ఇరవై రోజులు కూర్చున్నాము. మొత్తం 58 మంది ఖాతాదారులు, 143 పనులు తేలాయి. నలుగురు పాత ఖాతాదారులు సంతోషంగా ఉత్తరాలు రాసి ఇచ్చారు. ఆఖరి పేజీలో మొత్తం వేసి చూపిస్తే ఆమె కొంతసేపు మాట్లాడలేదు. "ఇన్ని పనులు చేశానా నాన్నా నేను?" అంది. పనిచేసిన మనిషికే తన సర్వీసు కనబడకపోతే ఎదుటివాడికి ఎలా కనబడుతుంది?

ఆ రిజిస్టరును ఆమె చక్కగా టైపు చేసి అర్జీకి జతచేసింది. అప్పటికి కాలం కూడా కలిసివచ్చింది. ఇంటర్నెట్టులో మోసపు పేజీలు పెరిగిపోవడంతో, ఐక్యాన్ తన రిజిస్ట్రార్ల ఒప్పందాలను సవరించింది. 2024 ఏప్రిల్ 5 నుంచి, రుజువులతో ఫిర్యాదు వస్తే రిజిస్ట్రారు తగిన చర్య తీసుకుని తీరాలి. అందుకని ఫిర్యాదులు ఓపికగా చదివి, నిజమేదో అబద్ధమేదో తేల్చగలవాళ్లు వారికి కావలసివచ్చారు. గడువు తేదీల నోటుపుస్తకం, చీరల దుకాణం వ్యవహారం విని, వారు ఈమెను ఆ విభాగంలోకి తీసుకున్నారు. ఐక్యాన్ వారి ఉచిత ఆన్‌లైన్ పాఠాలు ఆమె అప్పటికే కొన్ని పూర్తిచేసి ఉంది.

చేరేముందు ఇంకొక పెద్ద పని పడింది. ఉద్యోగంలో ఉంటూ బయటి పనులు చేయకూడదని కంపెనీ నియమం. అప్పటికి చేతిలో ఉన్న 23 మంది ఖాతాదారులను ఇతరులకు అప్పగించాలి. మనం బదిలీ మీద వెళ్లేటప్పుడు చార్జి లిస్టు రాసి సంతకాలు తీసుకునేవాళ్లం కదా, ఆమె చేత అచ్చంగా అదే చేయించాను. ప్రతి డొమైను పేరు ముందుగా అసలు యజమాని పేరు మీద, అతని ఈమెయిలు మీద ఉన్నదో లేదో సరిచూసి, లేనివి మార్పించి, ఆ తరువాతే చార్జి అప్పగించింది. అందుకు మూడు నెలలు పట్టింది. ఒక్కరితో కూడా తగాదా రాలేదు.

జీతం నెలకు చేతికి 62 వేలు. పాత సగటుకంటే 8 వేలు తక్కువ. బంధువుల్లో ఒకరు "ఇన్నాళ్లు స్వతంత్రంగా బతికి ఇప్పుడు ఒకరి కింద చేరడమేమిటి?" అన్నారు. ఆమె పైఅధికారి వయస్సు 29. నేను మాత్రం లెక్క ఇంకోలా వేశాను. 62 వేలు ప్రతి నెలా వస్తాయి. పి.ఎఫ్. ఉంది. కుటుంబానికంతటికీ వైద్య బీమా ఉంది. ఒంట్లో బాగాలేని రోజున సెలవు ఉంది. ఈ నాలుగింటి ముందు ఆ 8 వేలు ఎంత?

అయితే ఉద్యోగం వచ్చింది కదా, ఇక పింఛను కూడా వస్తుందని ఎవరూ భ్రమపడకూడదు. ఈ సంగతి మీ పిల్లలకు తప్పక చెప్పండి. 2014 సెప్టెంబరు 1 తరువాత మొదటిసారి ఉద్యోగంలో చేరి, పి.ఎఫ్.కు లెక్కించే జీతం 15 వేలు దాటినవారిని ఇ.పి.ఎస్. పింఛను పథకంలో చేర్చుకోరు. మా అమ్మాయి 2024లో చేరినప్పుడు ఆమెకు వర్తించిన నిబంధన ఇదే. యజమాని వాటా మొత్తం పి.ఎఫ్. ఖాతాలోకే పోతుంది. చేతికి సొమ్ము వస్తుంది గాని నెలనెలా పింఛను రాదు. ఆ పథకంలో ఉన్నవారికైనా కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. మనం రాసుకున్న పొడుగు రిజిస్టరు కంపెనీని ఒప్పించింది గాని, పి.ఎఫ్. ఆఫీసును ఒప్పించలేదు. ఆ పదహారేళ్ల పింఛను ఎవరికి వారు కూడబెట్టుకోవలసిందే. జాతీయ పింఛను పథకం, అదే ఎన్.పి.ఎస్., 2009 మే 1 నుంచి ఉద్యోగులు కాని పౌరులకు కూడా తెరిచారు. 2012లో నేను పట్టుబట్టి ఆమె చేత ఖాతా తెరిపించాను. పని ఉన్న నెలా లేని నెలా నెలకు 3 వేలు కట్టించాను. అది ఈనాటికీ నడుస్తోంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి.

ఉద్యోగంలో మొదటి నెలలు తమాషాగా గడిచాయి. అరుగు మీద లేఖరికి అంతా తనదే బాధ్యత. కుర్చీలో మనిషికి పైన ఒకరు, పక్కన ఒకరు ఉంటారు. ఈమె రాత్రి పదకొండింటికి కూడా ఫిర్యాదులు తెరిచి కూర్చునేది. "అమ్మా, సాయంత్రం బీరువాకు తాళం వేయడం కూడా ఉద్యోగ ధర్మమే" అని చెప్పాను. ఒకరోజు జ్వరం వచ్చి, సెలవు అడగడానికి మొహమాటపడింది. "సెలవు వారు పెట్టే భిక్ష కాదు, నీ ఖాతాలో ఉన్న నిల్వ. ఉత్తరం రాసి పడుకో" అన్నాను. ఈ రెండు ముక్కలు నేర్చుకోవడానికి ఆమెకు ఆరు నెలలు పట్టింది. 2025 జనవరిలో ప్రొబేషను పూర్తయింది.

ఆమె చేసే పని వింటే మీకు మన ఆఫీసు వాసనే తగులుతుంది. ప్రతి ఫిర్యాదుకు ఒక టికెట్టు నంబరు పడుతుంది. అది మన కరెంటు నంబరే. అది ఎవరి దగ్గర ఎన్ని రోజులు ఉందో కంప్యూటరు చూపిస్తుంది. అది మన పర్సనల్ రిజిస్టరు. చివరికి ముగింపు. మన ఎల్.డిస్., డి.డిస్., ఆర్.డిస్.లకు అక్కడ వేరే పేర్లు, అంతే! బ్యాంకు పేరుతో దొంగ సైటు నడుస్తున్నదని రుజువులతో ఫిర్యాదు వస్తే వెంటనే ఆపాలి, ఆలస్యమైన ప్రతి గంటా ఎవరిదో ఒకరి డబ్బు పోతుంది. అలాగని పోటీ వ్యాపారి కక్షతో పెట్టిన ఫిర్యాదు నమ్మి ఒక చిన్న దుకాణం పేరు ఆపేస్తే, ఆ కుటుంబం నోటి దగ్గర కూడు పోతుంది. ఆ చీరల దుకాణదారు ముఖం చూసిన మనిషి కాబట్టి ఈమె తొందరపడదు. అరుగు మీద కూర్చున్న పదహారేళ్లే కుర్చీలో ఆమెకు దారి చూపిస్తున్నాయి. ఆమె పైఅధికారి కూడా చిక్కు ఫిర్యాదులు ఈమెకే పంపుతున్నాడు.

ఆమె దగ్గర నేను నేర్చుకున్న ఒక ఉపయోగకరమైన విషయం మీకూ చెబుతాను. ఫోనుకు ఏదైనా లింకు వచ్చినప్పుడు పేరు మొదటి భాగం చూసి నమ్మకండి. ముందు వచ్చే జంట ఏటవాలు గీతలు వదిలేసి, పేరు తరువాత వచ్చే మొదటి ఒంటి ఏటవాలు గీతకు సరిగ్గా ముందున్న ముక్క చూడండి. లైఫు సర్టిఫికెట్టుకు వాడే జీవన్ ప్రమాణ్ సైటు డాట్ గవ్ డాట్ ఇన్‌తో ముగుస్తుంది. మొదట్లో పెన్షన్ అని, గవ్ అని ఎన్ని రాసినా చివర డాట్ కామ్ ఉంటే అది సర్కారు సైటు కాదు. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ పేర్లకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు రాసే ఏకైక రిజిస్ట్రారు మన హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. సంస్థ. ఇంటి పేరు చూసి మనిషిని గుర్తుపట్టినట్లు, తోక చూసి సైటును గుర్తుపట్టాలి.

ఇక ముగిస్తాను. ఇంట్లో కూర్చుని పనిచేసుకునే పిల్లలున్న తల్లిదండ్రులకు నావి మూడు మనవులు. మొదటిది, వారి పనిని పని అనండి. ఊరికే ఉన్నారనకండి. రెండవది, చేసిన ప్రతి పనికీ బిల్లు, తేదీ, రుజువు దాచమని చెప్పండి. రిటర్ను ఏటా వేయమనండి. ఏనాడు ఉద్యోగం కావలసివచ్చినా అదే వారి సర్వీసు రిజిస్టరు. కంప్యూటరు వారికి వచ్చు, రికార్డు రాయడం మనకు వచ్చు. మధ్యాహ్నం పూట ఒక గంట వారి పక్కన కూర్చోండి. మూడవది, ఎన్.పి.ఎస్.గాని మరొకటిగాని వయస్సులో ఉండగానే మొదలుపెట్టించండి.

నలభై దాటాక ఉద్యోగంలో చేరడం ఓడిపోవడం కాదు. అరుగు మీద నేర్చిన విద్యను కుర్చీలోకి తీసుకుపోవడం. మళ్లీ ఎప్పుడైనా అరుగు మీదికి రావలసి వచ్చినా భయం లేదు, రిజిస్టరు చేతిలోనే ఉంటుంది. ఈసారి అందులో పే స్లిప్పులు కూడా ఉంటాయి.